మూడు నిమిషాలు

సున్నివా ఊళ్లోంచి ఒక చిన్న పెట్టె అద్దెకు తెచ్చింది.
దాన్ని చేత్తో పట్టుకుని గదిగదీ తిరుగుతోంది,
బాలింత నడక, అడుగు తీసి అడుగు.
పెట్టె గురగురమంటుంది, ఎర్రదీపాలు ఒక్కొక్కటే పైకెక్కుతాయి
రొట్టెల బీరువా మీది ఫోను దగ్గర,
టీవీ వెనక దుమ్ములో మిణుకుమనే రౌటరు దగ్గర,
అన్నిటికంటే ఎక్కువ
ఉయ్యాల పక్కన, పసివాడి ఏడుపును వంటింటికి మోసుకొచ్చే
తెల్ల కుందేలు బొమ్మ దగ్గర.

"నాన్నా, విన్నావా?"
విన్నానమ్మా. ఆ గురగుర నాకు కొత్తా?
వర్దో తీరాన ముప్పై ఒక్క ఏళ్లు
చెవులకు డిప్పలు తగిలించుకుని రాత్రులు కాశాను.
ఆ తరంగాలే మనకు కూడు పెట్టాయి,
నీ ఎత్తుపళ్లకు తీగ కట్టించాయి,
ఈ ఇంటికి పసుపు రంగు వేయించాయి.
పైకి అనలేదు.
సుత్తి తెచ్చుకున్నాను.

మూడు రోజులు గోడ వెంట మోకాళ్ల మీద పాకాను.
నలభై మీటర్ల నీలం తీగ, మూరకో మేకు,
మెట్ల కిందుగా, కోట్లు తగిలించే కొక్కేల వెనగ్గా.
అల్లుడు ఐనార్ ల్యాప్‌టాప్ ఇప్పుడు గుంజకు కట్టిన దూడ,
బల్ల దాటి పోదు.
ఫోన్లు వాకిట్లో, తడి బూట్ల పక్కన, బిస్కెట్ల డబ్బాలో పడుకుంటాయి.
రాత్రి పదికి రౌటరు గొంతు నొక్కే పని నాది.

పక్కింటి టూర్బ్యోర్గ్ కాఫీ తాగుతూ
కిటికీలోంచి కొండ మీది తెల్ల గోళాల వైపు గడ్డం ఎత్తింది:
"ఇంట్లో మీట సరే ఓడ్వర్, వాటి మీట ఎవరు నొక్కుతారు?"
సున్నివా నవ్వలేదు.
"నా చెయ్యి అందినంత మేర" అంది.
భయపడాల్సిందేమీ లేదని నర్సు చెప్పిందట, రెండుసార్లు.
అయినా కన్ను మూతపడట్లేదట.
కన్ను మూతపడకపోవడం నాకు తెలుసు.
దానికి లెక్కలు చెబితే వినదు.

కుందేలు బొమ్మ సొరుగులోకి చేరాక
వాడి ఏడుపు వంటింటికి రావడం మానేసింది.
ఎవరో ఒకరు వెళ్లి కూర్చోవాలి.
ఎవరో ఒకరు అంటే నేనే.

అటక మీంచి పాత గడియారం దించాను.
రేడియో గది మూసేసిన రోజు
కోటు కింద దాచి తెచ్చింది, ఎవరూ అడగలేదు.
దాని ముఖం మీద రెండు ఎర్ర ముక్కలు, రెండు పచ్చ ముక్కలు.
ముల్లు అక్కడికి చేరిందంటే
నీళ్ల మీద ఓడలన్నీ నోరు మూసుకోవాలి. మూడు నిమిషాలు.
చేపల ధర అరిచేవాడు, పెళ్లాంతో పోట్లాడేవాడు,
గాలివాన కబురు చదివే నేను,
మాట మధ్యలో తుంచేసి చెవి ఒగ్గేవాళ్లం.
ఎక్కడో మునిగే పడవ, అయిపోవచ్చిన బ్యాటరీ,
చీమ నడిచినంత సన్నటి గొంతు
ఒకవేళ ఉంటే.

చాలా రాత్రులు ఉండేది కాదు.
ఒక ఫిబ్రవరిలో ఉండింది.
సగం పేరు. తర్వాత ఉప్పు రాలినట్టు చప్పుడు.
మిగతా సగం ఎవరిదో
ఇప్పటికీ తెలియదు నాకు.

బయట రెండు నెలలుగా పొద్దు పొడవలేదు.
ముల్లు పచ్చలోకి దిగింది.
ఫ్రిజ్ కూడా ఒకసారి ఒళ్లు జలదరించుకుని ఆగిపోయింది.
పసివాడి ముక్కులో చిన్న ఈల.
ఆగింది.
నేనూ ఆపాను.
మళ్లీ ఈల.

గుమ్మం బయట మెట్టు మీద సున్నివా,
ఒళ్లో ఆ అద్దె పెట్టె, దీపాలన్నీ ఆరి,
తల గోడకు ఆనించి, నోరు కాస్త తెరిచి
నిద్రపోతోంది.
పాత అలవాటు, పెన్సిలు వెతుక్కుని
పాల డబ్బా అట్ట మీద రాశాను:
మూడు గంటల రెండు నిమిషాలు. వినబడుతోంది.